సోర్స్ బయటికి తీసేముందు: సైట్ రేడియోగ్రఫీలో యూనిట్లు, దూరాలు, జాగ్రత్తలు

ఎన్‌డీటీ (వస్తువును పాడుచేయకుండా లోపలి లోపాలు పట్టే పరీక్షలు) కోర్సు చేసి గల్ఫ్‌కి వెళ్ళబోయే కుర్రాళ్ళు గాజువాకలో నా దగ్గరికి వస్తుంటారు. సైట్ రేడియోగ్రఫీ అంటే, సోర్స్ (రేడియోధార్మిక పదార్థపు చిన్న ముక్క) నుంచి వచ్చే గామా కిరణాలతో వెల్డింగ్ జాయింట్‌ను ఫిల్మ్ మీద ఫోటో తీయడం. ఈ కుర్రాళ్ళకు కావలసింది ఆ ఫిల్మ్ చదవడం. పోరోసిటీ (వెల్డ్‌లో గాలి బుడగలు) ఎలా ఉంటుంది, లాక్ ఆఫ్ ఫ్యూజన్ (లోహం సరిగా అతుక్కోకపోవడం) ఎలా కనబడుతుంది, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఇవే ప్రశ్నలు. నేను మాత్రం మొదట యూనిట్లతోనే మొదలుపెడతాను. ఫిల్మ్ తప్పు చదివితే ఆ జాయింట్ రిపేర్ చేసుకోవచ్చు, మళ్ళీ షాట్ తీసుకోవచ్చు. యూనిట్ తప్పు చదివితే నష్టం మనిషికి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మన దగ్గర నేర్చుకున్నది ఒకటి, అక్కడ చేతిలో పెట్టేది మరొకటి. ఇక్కడ సర్వే మీటర్ (చుట్టూ ఉన్న రేడియేషన్ రేటు చూపే పరికరం) మైక్రోసీవర్ట్‌లలో ఉంటుంది, సోర్స్ కాగితాల మీద బెకరెల్ ఉంటుంది. అమెరికా పద్ధతిలో నడిచే యార్డులో అడుగుపెడితే మీటర్ మీద మిల్లీరాంట్జెన్, కెమెరా (సోర్స్‌ను భద్రంగా ఉంచే బరువైన పెట్టె) పలక మీద క్యూరీ, రికార్డులో రెమ్. అమెరికా నియమావళి ప్రకారం రికార్డులన్నీ ఇప్పటికీ క్యూరీ, రాడ్, రెమ్‌లలోనే రాయాలి. కొత్త యూనిట్లు వచ్చి ఎంతో కాలమైంది. అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ బెకరెల్‌నూ గ్రేనూ 1975లో, సీవర్ట్‌ను 1979లో ఆమోదించింది. అయినా రెండు పద్ధతులూ ఒకే సైట్‌లో పక్కపక్కనే నడుస్తున్నాయి. కాబట్టి రెండూ రావాలి, ఒకదాన్నుంచి మరొకదానికి తడుముకోకుండా మారడం రావాలి.

ఏది దేన్ని కొలుస్తుంది

సోర్స్ ఎంత బలమైనదో చెప్పేది యాక్టివిటీ. సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నమైతే 1 బెకరెల్. 1 క్యూరీ అంటే సెకనుకు 3,700 కోట్ల విచ్ఛిన్నాలు, అంటే 37 గిగాబెకరెల్. గాలిలో రేడియేషన్ ఎంత అయనీకరణ చేస్తోందో చెప్పేది రాంట్జెన్. ఒంట్లో ఎంత శక్తి దిగిందో చెప్పేవి రాడ్, గ్రే. 100 రాడ్ అయితే 1 గ్రే. ఆ దిగిన శక్తి మనిషికి చేసే హానిని లెక్కగట్టేవి రెమ్, సీవర్ట్. 100 రెమ్ అయితే 1 సీవర్ట్.

మనం వాడే ఇరిడియం-192, కోబాల్ట్-60, సెలీనియం-75 అన్నీ గామా సోర్సులే. గామాకు 1 రాంట్జెన్, 1 రాడ్, 1 రెమ్ మూడూ దాదాపు ఒకటే అనుకుని రక్షణ లెక్కలు వేసుకోవచ్చు. ఖచ్చితంగా చూస్తే కొద్ది శాతం తేడా ఉంది. ఆ తేడా మనకు కీడు చేసే వైపు లేదు కాబట్టి సైట్‌లో పట్టించుకోనక్కర్లేదు. న్యూట్రాన్ సోర్స్ ఉన్న చోట మాత్రం ఈ సమానం పనికిరాదు. అక్కడ రాడ్ వేరు, రెమ్ వేరు.

కంఠస్థం చేయాల్సినవి నా ఉద్దేశంలో మూడే. గంటకు 1 మిల్లీరాంట్జెన్ అంటే గంటకు 10 మైక్రోసీవర్ట్. 100 మిల్లీరెమ్ అంటే 1 మిల్లీసీవర్ట్. 1 టెరాబెకరెల్ అంటే 27 క్యూరీ. సోర్స్ సర్టిఫికెట్ మీద 1.48 టెరాబెకరెల్ అని ఉంటే 27తో గుణించండి, 40 క్యూరీ. మిగతా మార్పులన్నీ ఈ మూడింటి నుంచే రాబట్టుకోవచ్చు. ఫోన్‌లో కన్వర్టర్ ఉందని వీటిని వదిలేయకండి. రాత్రి షిఫ్ట్‌లో, చేతికి గ్లవ్స్ ఉండగా, అవతల నుంచి హెల్పర్ అంకె అరిచి చెబుతున్నప్పుడు ఫోన్ తీసే వీలుండదు.

హెల్పర్ అరవడం గురించి ఒక మాట. "అన్నా, తొంభై చూపిస్తోంది!" అని కేక వస్తుంది. తొంభై ఏమిటి? గంటకు 90 మైక్రోసీవర్ట్ అయితే అక్కడ గంటసేపు నిలబడినా ఒంటికి తగిలేది 0.09 మిల్లీసీవర్ట్. 90 మిల్లీరాంట్జెన్ అయితే దానికి పది రెట్లు. 90 మిల్లీసీవర్ట్ అయితే మన దేశంలో ఏడాదికి సగటున అనుమతించిన 20 మిల్లీసీవర్ట్ 13 నిమిషాల్లో పూర్తయిపోతుంది. యూనిట్ లేకుండా అంకె చెబితే నేను వినను, మళ్ళీ చెప్పమంటాను. మీ జట్టులో కూడా ఈ అలవాటు పెట్టండి. "తొంభై మైక్రో" అనాలి, "తొమ్మిది ఎంఆర్" (మిల్లీరాంట్జెన్) అనాలి. మైక్రోకు, మిల్లీకి మధ్య వెయ్యి రెట్లు ఉంది. కంప్యూటర్‌లో కొట్టిన కాగితాల్లో మైక్రో గుర్తు ఒక్కోసారి ఎగిరిపోతుంది, లేదా మామూలు ఇంగ్లీషు అక్షరంగా మారిపోతుంది. అనుమానం వస్తే ఆ కాగితం మీద పని మొదలుపెట్టకండి, రాసినవాళ్ళను అడగండి.

ఈ రోజు సోర్స్ ఎంత ఉంది

సర్టిఫికెట్ మీద ఉన్నది ఆ తేదీ నాటి బలం. ఇరిడియం-192 అర్ధాయువు (బలం సగానికి పడిపోయే కాలం) సుమారు 74 రోజులు. రోజుకు ఒక శాతానికి కాస్త తక్కువ తగ్గుతుంది, నెలకు దాదాపు పావు వంతు పోతుంది. 40 క్యూరీల సోర్స్ నెల తర్వాత 30, రెండున్నర నెలలకు 20. కోబాల్ట్-60కి అర్ధాయువు 5.27 ఏళ్ళు కాబట్టి రోజువారీ లెక్క అక్కర్లేదు. ఇరిడియంకు డికే చార్టు (ఏ రోజుకు బలం ఎంత మిగిలిందో చూపే పట్టిక) కెమెరాతో పాటే ఉండాలి, షిఫ్ట్ మొదట్లో ఆ రోజు క్యూరీ చూసి బోర్డు మీద రాయాలి. ఎక్స్‌పోజర్ టైముకు ఎలాగూ కావాలి కదా, అదే అంకె హద్దు తాడు (జనం దగ్గరికి రాకుండా చుట్టూ కట్టేది) ఎక్కడ కట్టాలో కూడా చెబుతుంది.

చార్టు చూసేటప్పుడు మొదటి గడిలో ఉన్నది క్యూరీయా, గిగాబెకరెల్లా అన్నది చూసి తీరాలి.

హద్దు లెక్క

ఇక్కడ కాసేపు ఆగుదాం. మనుషుల్ని కాపాడేది ఈ లెక్కే.

ఇరిడియం-192 సోర్స్ నుంచి 1 మీటర్ దూరంలో, మధ్య అడ్డం ఏమీ లేకుండా, క్యూరీకి గంటకు సుమారు 0.48 రాంట్జెన్ వస్తుంది. కొత్త యూనిట్లలో గిగాబెకరెల్‌కు గంటకు 0.13 మిల్లీసీవర్ట్. మన 40 క్యూరీల సోర్స్‌ను రెండు పద్ధతుల్లోనూ చేసి చూడండి. 40ని 0.48తో గుణిస్తే గంటకు 19.2 రాంట్జెన్. 1,480 గిగాబెకరెల్‌ను 0.13తో గుణిస్తే గంటకు 192 మిల్లీసీవర్ట్. రెండూ కలిశాయి. నేను ప్రతిసారీ ఇలా రెండు దారుల్లో చేయిస్తాను. ఎక్కడైనా యూనిట్ జారితే రెండు జవాబులు కలవవు, తప్పు వెంటనే బయటపడుతుంది.

దూరం రెండింతలైతే రేటు నాలుగో వంతుకు పడిపోతుంది, పదింతలైతే నూరో వంతుకు. కాబట్టి ఎంత దూరంలో ఎంత రేటు కావాలో తెలిస్తే, 1 మీటర్ దగ్గరి రేటును ఆ కావలసిన రేటుతో భాగించి వర్గమూలం తీస్తే దూరం మీటర్లలో వస్తుంది. బ్రిటన్ పద్ధతిలో సైట్ రేడియోగ్రఫీ హద్దు దగ్గర గంటకు 7.5 మైక్రోసీవర్ట్ దాటకూడదు. మన 192 మిల్లీసీవర్ట్ అంటే 1,92,000 మైక్రోసీవర్ట్. 7.5తో భాగిస్తే 25,600. వర్గమూలం 160. కాలిమేటర్ (కిరణాలను ఒక వైపే వదిలి, మిగతా వైపులు అడ్డుకునే లోహపు కవచం) లేకుండా తాడు 160 మీటర్ల దూరంలో కట్టాలి. అమెరికా నియమంలో మామూలు జనం తిరిగే చోట ఏ ఒక్క గంటలోనూ 2 మిల్లీరెమ్ దాటకూడదు. సోర్స్ గంటంతా బయటే ఉంటుందనుకుంటే అది గంటకు 20 మైక్రోసీవర్ట్. అప్పుడు దూరం 98 మీటర్లు. మీ సైట్ ప్రొసీజర్‌లో ఏ అంకె ఉంటే అదే వేయండి. కానీ ఏ అంకెను ఏ యూనిట్‌లో వేస్తున్నారో రాసి పెట్టండి.

ఎందుకంటే, ఆ 7.5ను ఎవరైనా మిల్లీరాంట్జెన్ అనుకున్నారనుకోండి. 19,200ను 7.5తో భాగిస్తే 2,560, వర్గమూలం సుమారు 51. తాడు 51 మీటర్ల దగ్గర కడతారు. లెక్క చక్కగా వచ్చినట్టే ఉంటుంది, కాగితం మీద సంతకం కూడా పడిపోతుంది. ఆ తాడు అవతల టీ తాగుతూ నిలబడిన ఫిట్టర్‌కు గంటకు 75 మైక్రోసీవర్ట్ తగులుతూ ఉంటుంది, అనుమతించినదానికి పది రెట్లు. అతనికి డోస్ కొలిచే బ్యాడ్జి ఉండదు, మీటర్ ఉండదు, తెలిసే దారే లేదు. అతని తరఫున లెక్క వేయాల్సింది మనమే.

కాలిమేటర్ పెడితే దూరం తగ్గుతుంది. ఇరిడియం గామాను సగానికి తగ్గించడానికి టంగ్‌స్టన్ అయితే 3.3 మిల్లీమీటర్లు చాలు, సీసం 4.8, ఉక్కు సుమారు 13, కాంక్రీటు సుమారు 45 మిల్లీమీటర్లు కావాలి. నాలుగు సగాల మందం ఉన్న కాలిమేటర్ రేటును పదహారో వంతుకు దించుతుంది, కాబట్టి దూరం నాలుగో వంతు అవుతుంది, 160 కాస్తా 40. అది కాలిమేటర్ అడ్డంగా ఉన్న వైపు మాత్రమే. బీమ్ పోయే వైపు పూర్తి దూరం వదలాల్సిందే. సోర్స్ కెమెరా నుంచి కాలిమేటర్‌లోకి చేరే ఆ కొన్ని సెకన్లు ఏ వైపూ అడ్డం ఉండదు.

ఇంకో సంగతి, హద్దును నేల మీద గీసిన వలయంలా ఊహించుకోకండి. రిఫైనరీ స్ట్రక్చర్‌లో పని అంటే పైన స్కాఫోల్డింగ్ మీద, కింద పంపుల దగ్గర, గోడ అవతల కంట్రోల్ రూమ్‌లో మనుషులు ఉంటారు. తాడు కట్టాక పైకీ కిందకీ మెట్లెక్కి దిగి చూసి రావాలి. మొదటి షాట్ బయట ఉండగా మీటర్ పట్టుకుని హద్దు చుట్టూ నడవాలి. లెక్క ఏం చెప్పినా, అక్కడ మీటర్ ఎక్కువ చూపిస్తే తాడు వెనక్కి జరగాల్సిందే. మా పద్ధతిలో ఒకడు క్రాంక్ (కేబుల్‌తో సోర్స్‌ను కెమెరా బయటికీ లోపలికీ నడిపే చేతి పిడి) దగ్గర, ఒకడు హద్దు మీద ఉంటారు. ఒక్కడే వెళ్ళి షాట్ తీసే పని ఎవరు అడిగినా ఒప్పుకోకండి.

మీటర్ చదవడం

సర్వే మీటర్ తీసుకోగానే క్యాలిబ్రేషన్ స్టిక్కర్ మీద తేదీ, బ్యాటరీ, డయల్ మీద యూనిట్, ఈ మూడూ చూడాలి. తర్వాత కెమెరా ఒంటికి ఆనించాలి. సోర్స్ లోపల భద్రంగా ఉన్నా కెమెరా బయట కొంత రీడింగ్ ఉంటుంది. అది కనబడకపోతే పాడైంది మీటరే, దాన్ని పక్కన పెట్టి మరొకటి తెచ్చుకోండి. ఆ రీడింగ్‌ను బోర్డు మీద రాసి ఉంచండి, తర్వాత పనికొస్తుంది.

ముల్లు మీటర్లలో గుణకం మీట ఉంటుంది: ఒకటి, పది, వంద. ముల్లు 4 మీద ఉండి మీట పది మీద ఉంటే రీడింగ్ 40. చీకట్లో మీట ఎక్కడుందో చూడకుండా ముల్లు ఒక్కటే చదవడం నేను చాలామందిలో చూశాను. తెలియని చోటికి వెళ్ళేటప్పుడు మీటర్‌ను బయటే ఆన్ చేసి, పెద్ద రేంజ్‌తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి.

ముల్లు చివరికంటా వెళ్ళి ఆగిపోతే దాన్ని రీడింగ్ అనుకోకూడదు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో అందుబాటులో ఉన్న మీటర్లు సెకనుకు 1,000 మైక్రోరాంట్జెన్ వరకే చూపించగలవు, అంటే గంటకు 3.6 రాంట్జెన్. అవి చివరికంటా వెళ్ళాయి. ఆ 3.6నే పైవాళ్ళకు చెప్పారు. అసలు రేటు దానికి వేల రెట్లు ఉన్న చోట మనుషులు తిరిగారు. మీ మీటర్ గరిష్ఠ అంకెను చూపిస్తోందంటే అర్థం "ఇంతకంటే ఎంతైనా ఉండొచ్చు" అని. వెనక్కి రావాలి. కొన్ని పాత గైగర్ మీటర్లు మరీ ఎక్కువ రేడియేషన్‌లో సున్నాకు కూడా పడిపోతాయి. అందుకే దూరం నుంచి చదువుకుంటూ వెళ్ళాలంటాను. రీడింగ్ పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి పడిపోతే అది మంచి కబురు కాదు.

సోర్స్ ఏదీ లేని చోట మీటర్ ఎంత చూపాలో తెలిసి ఉండాలి: గంటకు సుమారు 0.1 నుంచి 0.2 మైక్రోసీవర్ట్, అంటే 10 నుంచి 20 మైక్రోరాంట్జెన్. హైదరాబాద్ గ్రానైట్ బండల మీద కాస్త ఎక్కువ చూపుతుంది. భీమిలి ఒడ్డున మోనజైట్ ఉన్న ఇసుక మీద ఇంకా ఎక్కువ చూపొచ్చు. కంగారు పడనక్కర్లేదు, అక్కడి నేలే అంత.

షాట్ తీసేటప్పుడు

కేబుల్ ఉన్నంత దూరం సాగదీయండి. క్రాంక్‌కూ కెమెరాకూ మధ్య 10 మీటర్లు ఉంటే, 40 క్యూరీల సోర్స్ బయటికి వచ్చే క్షణంలో మీ దగ్గర గంటకు 1.92 మిల్లీసీవర్ట్. పది సెకన్లకు 5 మైక్రోసీవర్ట్. కాలిమేటర్ లేకుండా అక్కడే ఒక నిమిషం నిలబడి మాట్లాడుకుంటే 32. సోర్స్ చివరికంటా చేరగానే క్రాంక్ వదిలి ఇంకా వెనక్కి, ఉక్కు స్తంభమో కాంక్రీటు గోడో చూసుకుని దాని వెనక్కి వెళ్ళండి. ఆసుపత్రుల్లో వేసుకునే సీసం ఏప్రన్ కావాలని కొందరు అడుగుతారు. దాని మందం అర మిల్లీమీటర్. ఆసుపత్రి ఎక్స్‌రేకు అది పనిచేస్తుంది, ఇరిడియం గామాలో మాత్రం ఏడు శాతాన్ని ఆపితే ఎక్కువ. దాని బరువు మోస్తూ నెమ్మదిగా నడవడం కంటే ఏప్రన్ లేకుండా త్వరగా దూరం వెళ్ళడం మేలు.

సోర్స్ వెనక్కి తిప్పాక మీటర్ చేతిలో ఉండగానే కెమెరా దగ్గరికి వెళ్ళాలి. కెమెరా చుట్టూ, ఆ తర్వాత గైడ్ ట్యూబ్ (సోర్స్ బయటికి వెళ్ళే గొట్టం) పొడవునా చివరి వరకు. షిఫ్ట్ మొదట్లో రాసుకున్న కెమెరా రీడింగ్ ఇక్కడ పనికొస్తుంది. అంతే వస్తే సోర్స్ లోపలికి చేరినట్టు. తాళం వేసి, తర్వాతే ఫిల్మ్ తీయాలి. క్రాంక్ తిరిగిన లెక్క, కెమెరా మీద పచ్చ గుర్తు, ఏవీ మీటర్‌కు బదులు కావు. ప్రతి షాట్‌కూ ఇదే. ఇరవయ్యో షాట్‌కూ, తెల్లవారుజామున ఆఖరి షాట్‌కూ ఇదే.

రీడింగ్ దిగకపోతే సోర్స్ బయటే ఉంది. వెనక్కి రండి, హద్దు పెంచండి, దారులన్నిటి దగ్గర మనుషుల్ని నిలబెట్టండి, ఆర్‌ఎస్‌ఓకి (రేడియేషన్ భద్రతా అధికారికి) ఫోన్ చేయండి. అంతకు మించి మీరు చేయాల్సింది ఏమీ లేదు. సూపర్‌వైజర్ తొందర పెట్టినా సరే. సోర్స్‌ను తిరిగి చేర్చే పని దానికి తర్ఫీదు, పనిముట్లు ఉన్నవాళ్ళది.

చేత్తో పట్టుకోవడం గురించి ఒక్క లెక్క చూడండి. 1 మీటర్ దగ్గర గంటకు 192 మిల్లీసీవర్ట్ ఇచ్చే సోర్స్, 1 సెంటీమీటర్ దగ్గర దానికి పదివేల రెట్లు ఇస్తుంది: గంటకు 1,920 సీవర్ట్. సెకనుకు అర సీవర్ట్ పైనే. చేతులకు ఏడాది మొత్తానికి అనుమతించిన పరిమితి 500 మిల్లీసీవర్ట్. అది ఒక్క సెకనులో అయిపోతుంది. 1999 ఫిబ్రవరిలో పెరూ దేశంలోని యనాంగో జలవిద్యుత్ కేంద్రంలో కెమెరా నుంచి ఊడిపడిన 37 క్యూరీల ఇరిడియం సోర్స్‌ను ఒక వెల్డర్ ఏదో లోహపు ముక్క అనుకుని ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. అతని కుడి కాలు తీసేయాల్సి వచ్చింది. అతను రేడియోగ్రఫీ మనిషి కాడు. సోర్స్ కెమెరాలో ఉందో లేదో మీటర్‌తో చూసుకోవలసినవాళ్ళు వేరే ఉన్నారు. కాబట్టి మీతో పనిచేసే వెల్డర్లకు, హెల్పర్లకు పిగ్‌టెయిల్ (సోర్స్ బిగించి ఉండే చిన్న కేబుల్ ముక్క) బొమ్మ చూపించండి: "ఇలాంటిది కింద కనబడితే ముట్టుకోవద్దు బాబూ, దూరం వెళ్ళి మాకు చెప్పండి" అని వాళ్ళ భాషలో చెప్పండి.

కెమెరా బండి ఎక్కేటప్పుడు

పసుపు లేబుల్ మీద ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంటుంది, యూనిట్ లేకుండా. పెట్టె నుంచి 1 మీటర్ దూరంలో గంటకు ఎన్ని మిల్లీరెమ్ అన్నదే అది. ఇండెక్స్ 0.5 అంటే 1 మీటర్ దగ్గర గంటకు 5 మైక్రోసీవర్ట్. కొత్త యూనిట్లలో కొలిస్తే మిల్లీసీవర్ట్‌ను 100తో గుణించి రాయాలి. పెట్టె ఒంటి మీద గంటకు 5 మైక్రోసీవర్ట్ లోపు, ఇండెక్స్ సున్నా అయితే లేబుల్ తెల్ల ఒకటి. ఒంటి మీద 0.5 మిల్లీసీవర్ట్ వరకు, ఇండెక్స్ 1 వరకు పసుపు రెండు. ఒంటి మీద 2 మిల్లీసీవర్ట్ వరకు, ఇండెక్స్ 10 వరకు పసుపు మూడు. అదే లేబుల్ మీద యాక్టివిటీ బెకరెల్‌లలో ఉంటుంది. మీ లాగ్‌బుక్ క్యూరీలో ఉంటే 27 గుర్తుంది కదా.

బ్యాడ్జి, డోస్ కాగితాలు

మన టీఎల్‌డీ బ్యాడ్జి (ఒంటికి తగిలిన డోస్‌ను పోగేసి ఉంచేది) లోపల క్యాల్షియం సల్ఫేట్ డిస్ప్రోసియం బిళ్ళలు ఉంటాయి. ఛాతీ మీద పెట్టుకోవాలి. అది తన దగ్గర పోగేసుకున్నది ల్యాబ్‌కు వెళ్ళాకే చెబుతుంది, షాట్ మధ్యలో అరవదు. ఆ రాత్రి సంగతి తెలియాలంటే పాకెట్ డోసిమీటర్, అలారం వేరే ఉండాలి. పాకెట్ డోసిమీటర్లు చాలావరకు సున్నా నుంచి 200 మిల్లీరాంట్జెన్ వరకు చూపుతాయి, అంటే 2 మిల్లీసీవర్ట్ వరకు. షిఫ్ట్ ముందూ తర్వాతా చదివి రాయండి. బ్యాడ్జిని కెమెరా పెట్టెలోనో, సోర్స్ గది తలుపుకో తగిలించి వెళ్ళకండి. బ్యాడ్జి ఎక్కువ చూపితే పని పోతుందేమోనని దాన్ని గదిలో దాచి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ కాగితం మీద శుభ్రంగా ఉన్న అంకె ఒంట్లోకి దిగినదాన్ని తీసేయదు, రేపు జబ్బు చేస్తే ఆధారమూ మిగలదు.

మన దేశంలో ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పెట్టిన పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అమెరికా పరిమితి ఏడాదికి 5 రెమ్, అంటే 50 మిల్లీసీవర్ట్. అక్కడి పద్ధతిలో నడిచే యార్డులో "లిమిట్ లోపలే ఉన్నావు" అన్నారంటే, మన పరిమితి లోపల ఉన్నట్టు కాదు. ఏడాదిలో 3.5 రెమ్ వచ్చినవాడు అక్కడ పాస్, ఇక్కడ 35 మిల్లీసీవర్ట్, పరిమితి దాటినట్టు. మీ లెక్క మీరు మిల్లీసీవర్ట్‌లలో వేసుకోండి.

కంపెనీ వదిలేటప్పుడు డోస్ రికార్డు అడిగి తీసుకోండి. అంకె పక్కన యూనిట్, కాలం, రెండూ ఉన్నాయో లేదో ఆ బల్ల దగ్గరే చూడండి. 0.35 అని ఉత్త అంకె ఉంటే, అది రెమ్ అయితే 3.5 మిల్లీసీవర్ట్, మిల్లీసీవర్ట్ అయితే దానిలో పదో వంతు. రాసి ఇచ్చినవాళ్ళ చేతే యూనిట్ వేయించి, సంతకం, ముద్ర పెట్టించుకోండి. కొత్త సైట్‌లో చేరినరోజే ఒక జెరాక్స్ ఆర్‌ఎస్‌ఓకి ఇవ్వండి, అసలు కాపీని పాస్‌పోర్ట్‌తో పాటు దాచుకోండి.